గౌరునాయుఁడు గెలిచిన హక్కు

ప్రచండ మార్తాండ కిరణ దందహ్యమానయై చంపావతీ నది యిసుకమాత్రముగా మిగిలిన గ్రీష్మమధ్యాహ్నమునఁ దీరమందలి తాటితోఁపులలో నీడయు మొదళ్ల నంటుకొని ముడుచుకొనియుండెను. అట్టి వేళ వంశపరంపరాగతమగు కఱ్ఱసాము విద్యకు నాలవతరము గురువైన కర్రి గౌరునాయుఁడు కూఁతురు సత్యవేణి చేతనున్న సెల్లుఫోను తెరను ఱెప్పవాల్పక చూచుచుండెను.

తెరపై నాతని ఛానెలు శూన్యమై యుండెను. రెండేండ్లుగాఁ దండ్రి విన్యాసముల నామె స్వయముగాఁ జిత్రీకరించి యంతర్జాలమునఁ బ్రకటించుచుండఁగా లక్షలజనులు చూచుచుండిరి. ప్రకటనల రాబడియే వారికి జీవనాధారమయ్యెను. ఆ వీడియోలనే పూర్వశిష్యుఁడగు బోని తవిటయ్య యపహరించి గురునిపేరు చెఱపి తన ఛానెలునఁ బెట్టుకొనుటయేకాక యవి తనవనియు గౌరునాయుఁడే చోరుఁడనియు నా వీడియోల వేదిక నడుపువారికి ముమ్మాఱు ఫిర్యాదు చేసెను. కాపీరైటు ఫిర్యాదులు మూఁడు నిలిచిన ఛానెలును మూసివేయుట యచటి నియమము.

“నా ఒంటి సెమట ఆడిదెలాగయ్యిందే?” అని గౌరునాయుఁ డడిగెను.

“అవలేదు నాన్నా. అసలు వీడియోలు తేదీలతో నా కాడున్నాయి. ఎదురు అభ్యంతరం రాసి పంపేసినాను. ఆడు కోర్టుకెల్లకపోతే రెండు వారాల్లో మనది మనకొచ్చేస్తాది. అందాకా ఓర్సుకో.”

ఓర్చుకొనుట కాతని మనసు లొంగదయ్యెను. సొమ్ము పోయినందులకంటెఁ బదునాలుగేండ్లు తన యింటి కూడు తిని విద్య నేర్చినవాఁడు తన్ను దొంగ యనెనన్న మాట శూలమై గుండెలోఁ దిరుగుచుండఁగా నిత్తడిపొన్ను వేసిన వెదురుకఱ్ఱం గొని కూఁతురు వలదనుచున్నను వినక మండుచున్న యిసుకలో నేరు దాఁటి యావలియూరు చేరెను.

అచటఁ దవిటయ్య తన వాకిట కెమెరా యెదుటఁ గఱ్ఱ త్రిప్పుచుండెను. గురునిఁ జూచియు జంకఁడయ్యెను.

“విద్య మీకెవులైనా రాసిచ్చినారేటి? ముందు ఫిర్యాదెట్టినోడిదే హక్కు” అనెను.

తొలిదెబ్బకుఁ గెమెరా ముక్కలయ్యెను. మలిదెబ్బను దవిటయ్య యడ్డఁగా నా తాఁకిడికి గురుని చిటికెనవ్రేలు చితికి నెత్తురు చిమ్మెను. కఱ్ఱలు రెండును ఖణిల్లుమనుచుండఁ గొంతతడవు పోరాడి తుదకు గౌరునాయుఁడు శిష్యులకుఁ జెప్పక దాఁచుకొనిన మెలకువ యొకటి ప్రయోగించి వాని మోఁకాలిచిప్పను బగులఁగొట్టెను.

“సాలు గురువుగారూ. తప్పయిపోనాది” అని తవిటయ్య మట్టిలోఁ బొరలుచుఁ జేయెత్తెను. గురుఁ డా చేతినే కొట్టెను. ఎముక యెండుకట్టెవలెఁ బెట్లెను. మూఁగినవారిలో నడ్డుపడినవాఁ డొకఁడును లేఁడు. అందఱ చేతులును ఫోనుల నెత్తి పట్టియుండెను. మఱలఁ గఱ్ఱ దిగునంతలోఁ దవిటయ్య యిల్లాలు మంగ పరుగునవచ్చి మగనిపైఁ బడఁగా నా దెబ్బ యామె భుజమును నుగ్గుచేసెను. గౌరునాయుఁడు కఱ్ఱ జాఱవిడిచి పోలీసులు వచ్చువఱకు నచటనే చతికిలఁబడియుండెను.

మూఁడువారములకు సత్యవేణి చెఱసాలకు వచ్చెను.

“మన ఛానెలు తిరిగొచ్చింది నాన్నా. ఆడు కోర్టుకెల్లలేదు. ఆసుపత్రిలో ఉన్నాడు గదా.”

“మరి మంగ?”

“సెయ్యి లేవదంట. మీ కొట్లాట వీడియో పదిలక్షల మంది సూసినారు.”

“మన వీడియోలన్నీ తీసెయ్యమ్మా” అని గౌరునాయుఁ డనెను.

“తియ్యను. అయి నా సేత్తో తీసినయి, హక్కు నాది. నువ్వు కొట్టింది మాత్రం నీది.”

ఇట్లు పలికి యామె వెడలిపోయెను. అపహృతమైన సొత్తును దెచ్చి యీయఁగల నియమము లీ లోకమునఁ గలవు. పడినవానిపై వేసిన దెబ్బను మఱలఁ దీసికొనఁగల నియమ మేదియు లేదు.