రెండు నల్లగీతల ఎడం

అయిదో ముక్క మీద ఆయన రెండు వేళ్ల ఎడంగా రెండు నల్లగీతలు గీశాడు. ముప్పై ఒక్కేళ్లుగా పని ఇదే. ప్లాస్టిక్ ముక్కని యంత్రం దవడల్లో బిగించి, తెగేదాకా లాగించి, గీతల ఎడం చూసి ఎంత సాగిందో రాయడం. పరీక్షశాలలో అందరికీ ఆయన లాగుడాయనే. "పగలంతా అక్కడ లాగు, ఇంటికొచ్చి నా ప్రాణాలు తోడెయ్యి," అంటుంది భార్య. ఈరోజుతో ఉద్యోగం సరి. రేపట్నుంచి పగలు కూడా ఆవిడ ప్రాణాలే! తలుచుకుని ముసిముసిగా నవ్వుకున్నాడు.

పక్కన మేడమ్ గోళ్లు కొరుక్కుంటోంది. మొక్కజొన్న పిండితో చేసిన ఈ ప్లాస్టిక్ మట్టిలో చక్కగా కలిసిపోతుంది. లాగితే మాత్రం గాజులా పటుక్కున విరుగుతుంది. దానికి రబ్బరులాంటి పదార్థం కలిపి సాగేలా చెయ్యాలని ఆవిడ ఎనిమిది నెలలుగా తంటాలు పడుతోంది. అయిదింట్లో నాలుగు ముక్కలు రెట్టింపు సాగకపోతే సాయంత్రానికి ఆ పని మూసేస్తామన్నారు పైవాళ్లు. పొద్దుట్నుంచి మూడు సాగాయి, ఒకటి విరిగింది.

"అచ్చులోంచి తీసిన రోజే లాగి ఉంటే అన్నీ సాగేవి కదా బాబాయ్ గారూ!"

"సాగేవమ్మా. కొత్తలో అన్నీ సాగుతాయి. రెండు వారాలు అల్మారాలో కూర్చున్నాక కదా దాని అసలు బుద్ధి బయటపడేది!"

ఈ చాదస్తం వల్లే ఇంతకుముందు మూడు విడతలు విరిగాయి. అప్పుడు మేడమ్ వారంపాటు మొహం చాటేసింది. ఆయనకి బాధేసింది, అయినా ఆ రెండు వారాల్లో ఒక్క రోజు తగ్గించలేదు.

యంత్రం కదిలింది. మేడమ్ కళ్లు మూసుకుంది.

"చూడమ్మా, తెల్లబడుతోంది!"

తేనెరంగు ముక్క నడుమ తెల్లమచ్చ పుట్టి అటూ ఇటూ పాకింది. లోపల రబ్బరు చుక్కల దగ్గర కంటికానని ఖాళీలు తెరుచుకుని, లాగుడుని తలా కాస్త పంచుకుంటున్నాయన్నమాట. నడుము సన్నబడింది. ముక్క సాగింది, ఇంకా సాగింది.

"రెట్టింపు దాటేసింది," అంది మేడమ్, యంత్రం వింటుందేమోనన్నంత మెల్లగా. కళ్లలో నీళ్లు.

ఆయన మీట నొక్కి యంత్రం ఆపేశాడు. తెగకముందే ఆపడం ఇదే మొదటిసారి. 'తెగలేదు' అని రాసి సంతకం పెట్టాడు. కడుపు నిండినట్టనిపించింది.

"రేపట్నుంచి ఎవరు లాగుతారు బాబాయ్ గారూ?"

"ఎవరో ఒకరు లాగుతారులే. రెండు వారాలు ఆగమని మాత్రం గట్టిగా చెప్పు."

చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని, రోజూ వెళ్లే వేళకే వెళ్లిపోయాడు. యంత్రం దవడల మధ్య ఆ తెల్లబడ్డ ముక్క అలాగే ఉంది, ఆయన గీసిన రెండు నల్లగీతలు బెత్తెడు ఎడంగా జరిగి.