ఎడమ చెంప

మా ఆయన వేరే ఊళ్లో ఏడాది పని ఒప్పుకున్నారని మా ఆడపడుచు చెప్పేదాకా నాకు తెలియదు. ప్యాంటు పొడవు తగ్గించమని నా కుట్టు షాపుకొచ్చి, అసలు సంగతి మెల్లగా బయటపెట్టింది. రెండేళ్లుగా నేను ఆయనకు వీపు చూపించి పడుకుంటున్నానట. తన మొహం చూడ్డమే ఇష్టంలేని మనిషి పక్కన ఎందుకుండాలని అన్నారట.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఒళ్లు మండిపోయింది. మొగుడూపెళ్లాల పడక సంగతి ఊరంతా చాటాలా?

నా గోలంతా ఎడమ దవడ. దుప్పటి అంచు తగిలినా చాలు, కణత దాకా షాకు కొడుతుంది. మా ఆయన కరెంటు పనివాడే, షాకంటే ఏమిటో ఆయనకే బాగా తెలియాలి. పళ్ల డాక్టరు రాళ్లలాంటి పళ్లు రెండు పీకేశాడు. పళ్లు పోయాయి, నొప్పి ఉంది. కునుకు పట్టగానే అదే లేపుతుంది. తెల్లారి మిషను ముందు కూర్చుంటే కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. మొన్న ఒకాయన చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. ఆ చెంపకు ఏదీ తగలకూడదని కుడిపక్కకు తిరిగి పడుకుంటాను. ఆయన నాకు ఎడమవైపున ఉంటారు. అంతే! నోరు తెరిస్తే నొప్పి కాబట్టి నేను చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఇంటికెళ్లేసరికి పెట్టె సర్దుకుంటున్నారు.

"ఇటు తిరిగితే నొప్పి. అందుకే అటు తిరుగుతాను. ఆ మాత్రం అడగడానికి మీకు నోరు లేదా?"

అంత మాట్లాడేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి, నొప్పికో కోపానికో.

ఆయన పెట్టె పక్కకు నెట్టారు. తన దిండు తీసి నా కుడివైపు వేసుకుని, నన్నూ పడుకోమన్నారు. ఇన్నాళ్లకు ఆయన మొహం ఎదురుగా ఉంది. గడ్డం నెరిసింది, నేను చూడనే లేదు. దగ్గరికి జరిగి ఏదో చెప్పబోయారు. ఆ ఊపిరి చెంపకు తగిలింది. కదలకుండా బిగబట్టుకున్నాను గానీ కనిపెట్టేశారు.

"ఊపిరి తగిలినా నొప్పేనా?"

తలూపాను.

కాసేపు నన్నే చూసి, గోడవైపు తిరిగి పడుకున్నారు. చెయ్యి మాత్రం వెనక్కి చాచి నా వేళ్లు పట్టుకున్నారు.

"వెళ్లనులే. పడుకో."

నిద్రపట్టింది. మళ్లీ నొప్పి లేపేసరికి ఆయన ఇంకా అటే తిరిగి ఉన్నారు. నేను కదలగానే నా వేళ్లు నొక్కారు. ఆయన నిద్రపోనే లేదు.