మూతపెట్టిన టీ

కొలబద్ద మీద చేపను పడుకోబెట్టి, తోక కొసను బొటనవేలితో సరిచేసి, పొడవు చూసి గంపలోకి విసురుతున్నాడు కళ్ళజోడు. ఉప్పునీటికి అద్దాలు మసకబారితే బనీను అంచుతో తుడుచుకుని మళ్ళీ వంగుతాడు. ఓడలో ఎవరూ అతన్ని పేరుతో పిలవరు, కళ్ళజోడు అంటారంతే. వలలో ఏం పడిందో, ఏది తిరిగి సముద్రంలో పారేశారో చూడమని ప్రభుత్వం పంపిన మనిషిని ఎవరు మాత్రం ముద్దు చేస్తారు? అతను అన్నానికి కూర్చుంటే పక్కవాళ్ళకు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి.

ఒక్క వంటవాడే "అన్నయ్యా" అంటూ వెనకే తిరుగుతాడు. అతని టీ గ్లాసు మీద సాసరు బోర్లించి, "పని కాందే తాగడు మా అన్నయ్య. మూత తీశారంటే చేతులు విరగ్గొడతా" అని అందరినీ బెదిరిస్తాడు. ఆ మాటకే కరిగిపోయేవాడు పిచ్చిమారాజు. ఇంట్లో భార్యా అలాగే మూతపెట్టి ఉంచుతుంది మరి. ఈసారి దిగితే మళ్ళీ ఓడెక్కనని ఆవిడకు మాటిచ్చి వచ్చాడు.

నిన్న వలలో డాల్ఫిన్లు పడ్డాయి, తల్లీ పిల్లా. పడితే బతికుండగానే వదిలేయాలి. వదల్లేదు. సొరచేపల ఎరకని గొడ్డలితో ముక్కలు చేసి మంచులో దాచారు. అతను తిన్నగా వంటగదిలోకి పోయి, "ఎవరితోనూ అనకురా. ఒడ్డు చేరాక చెప్పాల్సిన చోట చెబుతాను" అన్నాడు.

"నా నోరు దాటితే ఒట్టు, అన్నయ్యా."

ఇవాళ, ఎన్నడూ పలకరించని కెప్టెన్ పై గది కిటికీలోంచి వంగాడు. "ఏమయ్యా, ఒడ్డు చేరాక చెప్పాల్సిన చోట చెబుతావటగా?" నవ్వాడు కూడా.

కళ్ళజోడు తల తిప్పాడు. వంటవాడు గ్లాసు మీది సాసరును ఊరికే అటూ ఇటూ జరుపుతున్నాడు. కళ్ళజోడుకి అర్థమైంది. ఛీ, నాలుగు తిట్టొచ్చుగా! తిట్టలేదు. "ఎందుకురా?" అన్నాడంతే.

"కొత్త ఓడలో పెద్ద వంటవాడిగా వేస్తానన్నాడు. నిన్నేమీ చెయ్యనని నా నెత్తిన చెయ్యిపెట్టి చెప్పాడన్నయ్యా."

అంతలో వల ఎత్తే మర గురగురమంది. వల పైకొచ్చేటప్పుడు ఓడ వెనక అంచున నిలబడి చూడటం అతని పని. అక్కడ గట్టు ఉండదు. నడుముకు తాడు కట్టుకుంటాడు. రెండో కొస కడ్డీకి కడితే మర తాళ్ళలో చిక్కుకుంటుందని, ఎవరైనా చేత్తోనే పట్టుకోవాలి. ఇన్నాళ్ళూ పట్టింది వంటవాడే. ఇవాళ ఇంకెవరిని అడుగుతాడు? ఎవరి వంక చూసినా వాళ్ళు సముద్రం వంక చూస్తున్నారు. వెళ్ళకుండా గదిలో తలుపేసుకోవచ్చు. ఆ అంచున తను లేకపోతే ఇవాళ పడ్డవీ గొడ్డలి పాలేనని అతనికి తెలుసు.

తాడు కొసను మళ్ళీ వాడి చేతికే ఇచ్చాడు. "గట్టిగా పట్టుకోరా. నాకు నువ్వు తప్ప ఎవరున్నారిక్కడ?"

"పట్టుకుంటానన్నయ్యా." వాడి కళ్ళు నిండాయి. నిండితే ఏం లాభం!

వల సగం పైకొచ్చింది.

"ఒరే వంటోడా, ఒకసారి పైకి రా," కెప్టెన్ కేకేశాడు.

వంటవాడు తాడు వంక చూశాడు, కిటికీ వంక చూశాడు. కెప్టెన్ రెండోసారి పిలవలేదు, చూస్తూ నిలబడ్డాడు. వాడు తాడును నేలమీద పెట్టాడు, నిద్రపోయిన పిల్లను దించినంత మెల్లగా. మెట్లెక్కాడు.

ఓడ ఒక పక్కకు ఒరిగింది. నేలమీది తాడు బిరబిరా జారి అంచు దాటిపోయింది. మర ఆగలేదు. కళ్ళజోడు కాలు జారి సముద్రంలో పడ్డాడని కెప్టెన్ రేడియోలో చెప్పాడు. అందరూ తలలూపారు, వంటవాడు కూడా.

వల ఖాళీ చేసి వచ్చిన ఎవరో బల్ల మీది టీ గ్లాసుకేసి చెయ్యి చాపారు. "అది మా అన్నయ్యది!" అని అరిచాడు వంటవాడు, అలవాటు కొద్దీ.  సాసరు బోర్లించిన గ్లాసు ఉన్నచోటే ఉంది, లోపల టీ ఇంకా వెచ్చగానే ఉంది.