పూల్‌సింగ్ నోరు జారిన రోజు

ఖమ్మంలో మున్నేటి ఒడ్డున ఉన్న ఆ డివిజన్‌లో ఎవరు పోయినా మొదటి ఫోన్ పూల్‌సింగ్‌కే వెళ్ళేది. కారేపల్లి దగ్గరి తండా నుంచి వచ్చి ఆటో నడుపుకున్న మనిషి రెండుసార్లు కార్పొరేటర్ అయ్యాడంటే సగం పుణ్యం ఆ ఫోన్లదే. ఫ్రీజర్ పెట్టె, షామియానా, నీళ్ళ క్యాన్లు తన ఆటోలోనే వేసుకొచ్చేవాడు. పాడెకు భుజమిచ్చేవాడు. పని కాగానే ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయేవాడు. చావింట్లో ‘వస్తాను’ అనకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఒక్క పొరపాటు మాత్రం చేశాడు. పెట్టె మూత మీద చేతులు జోడించి నవ్వుతున్న తన ఫోటో అంటించాడు. మూడోసారి ఓట్లడగడానికి బయలుదేరాక దాని ఫలితం తెలిసింది. ప్రచారం మైకులో అతని పేరు వినపడగానే ఒక అవ్వ గాభరాగా బయటికొచ్చింది.

"ఎవరు పోయిన్రు బిడ్డా?"

"ఎవరూ పోలేదవ్వా. ఓటు కోసం వచ్చిన," అంటూ చేతులు జోడించి నవ్వాడు.

"అవ్, మంచిది. నా దిక్కు మాత్రం గట్ల చూడకు."

వీధంతా నవ్వింది. అతనూ నవ్వాడు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు. పదేళ్ళుగా అందరూ సాబ్ అని పిలిచారు. ఓడిపోతే రేపటి నుంచి తనకు ఫోన్ చేసే దిక్కు కూడా ఉండదని అతని భయం.

పోటీలో ఉన్నది ఎరువుల షాపు వెంకటరామారావు. వాళ్ళ తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్నారు. అతని వెంట తిరిగే కుర్రాళ్ళు పూల్‌సింగ్‌కు ‘ఐస్ పెట్టె లీడర్’ అని పేరు పెట్టారు.

సరిగ్గా ప్రచారం ముగిసే రోజు వెంకటరామారావు తల్లి బుల్లెమ్మ పోయింది. ఎండలు మండిపోతున్నాయి. పెద్ద కూతురు వైజాగ్ నుంచి రావాలి. ఊళ్ళో ఇంకెక్కడా పెట్టె దొరకలేదు. మొగుడికి మొహం చెల్లక, కోడలు హేమలతే ఫోన్ చేసింది.

పూల్‌సింగ్ భార్య మోతీ వంక చూశాడు.

"పో. చావుకు పార్టీ ఏంది?" అంది మోతీ. "గని ఆ ఫోటో మీద కాయితం అంటియ్యి. ఎలక్షన్ కోడని కేసు పెడ్తరు. అయినా ఆ ముసలమ్మ మీద నువ్వు పండ్లికిలించుడేంది?"

మూత మీద పాత పేపర్ అంటించి తీసుకెళ్ళాడు. కరెంటు పోతే జనరేటర్ పెట్టించాడు. ఆఖరి రోజు ప్రచారం అక్కడే తెల్లారిపోయింది. మర్నాడు కూతురు వచ్చింది. పాడె లేచింది. అందరికంటే ముందు భుజం అతనిదే.

తిరిగొచ్చి పెట్టెను ఆటోలోకి ఎక్కించాడు. నెల రోజులుగా గడప గడపకూ తిరిగి ఒకటే మాట చెప్పిన నోరది. వాకిట్లో ఆడవాళ్ళు కనపడగానే చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"వస్తనమ్మా. మర్చిపోవద్దు, మళ్ళొస్త."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పూల్‌సింగ్‌కు ఆ మాటను నోట్లోకి వెనక్కి తీసుకోగలిగితే బాగుండుననిపించింది.

"ఈసారి ఎవరి కోసం వస్తడంటరా?" అని గేటు బయట ఒక కుర్రాడు గట్టిగానే అన్నాడు.

హేమలత దగ్గరికొచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "రావాలి అన్నయ్యా," అంది మెల్లగా. "పెద్దకర్మ నాడు వచ్చి భోంచేసి వెళ్ళాలి. మా అత్తయ్యకి నువ్వు కూడా కొడుకులాగే నిలబడ్డావు."

ఆమె మాట వాకిలి దాటలేదు. అతని మాట మాత్రం అతను ఇల్లు చేరేలోపే డివిజనంతా తిరిగింది.

పూల్‌సింగ్ ఓడిపోయాడు. పెద్ద తేడా ఏమీ కాదు. అదే ఎక్కువ బాధపెట్టింది. ఫోన్‌ను తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. అది మోగలేదు.

పెద్దకర్మ రోజు చొక్కా కూడా తొడుక్కోలేదు. "ఓడినోడు పోయి గెలిచినోడింట్ల తినుడేంది?" అన్నాడు.

"వస్తనని అంతమంది ముందర చెప్పొచ్చింది నువ్వే కదా," అంది మోతీ. "లెవ్వు, నడువ్."

వెళ్ళి బంతిలో చివర కూర్చున్నాడు. గుండు చేయించుకున్న వెంకటరామారావే పప్పు గిన్నె పట్టుకుని వచ్చాడు. వడ్డించి, కదలకుండా అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, పొద్దున ఫోన్ వచ్చింది. చివరి వీధిలో దూలయ్య పోయాడంట. కార్పొరేటర్‌ని కదా, వెళ్ళాలి. వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియట్లేదు."

పూల్‌సింగ్ ముద్ద కలుపుతూ ఆగాడు. "ఏం మాట్లాడకు. ఆయన ఇంటామె షుగర్ మనిషి. పొద్దట్నుంచి ఏమన్నా తిన్నదా లేదా, అది అడుగు."

"నువ్వు కూడా రారాదా?"

పూల్‌సింగ్ విస్తట్లో అన్నం మెతుకు మిగల్చకుండా తిని, చేయి కడుక్కున్నాడు. బంతులన్నీ లేచాక ఇద్దరూ పూల్‌సింగ్ ఇంటికి పోయి పెట్టెను ఆటోలోకి ఎక్కించారు. వెనక సీటంతా దానికే సరిపోయింది. పూల్‌సింగ్ కొంచెం పక్కకు జరిగాడు. కొత్త కార్పొరేటర్ డ్రైవర్ సీటు అంచున ఒదిగి కూర్చుని, పడిపోకుండా అతని భుజం పట్టుకున్నాడు.