అత్తగారి పొగడబ్బా

వీధిలో అందరూ అతన్ని పొగాయన అంటారు. అతను బీడీ కూడా ముట్టడు. మున్సిపాలిటీ తరఫున దోమల మందు కొట్టడం అతని ఉద్యోగం. సాయంత్రం కాగానే భుజానికి మిషను తగిలించుకుని బయల్దేరతాడు. వీధి మొదట్లో మీట నొక్కితే చివరిదాకా పొగ తెల్లగా కమ్మేస్తుంది. జనం కిటికీలు మూసుకుని తిట్టుకుంటారు. మర్నాటికల్లా దోమలు వెనక్కి వచ్చేస్తాయి. ఈ తంతు ఏళ్ళ తరబడి ఇలాగే నడుస్తోంది. అందుచేత, పొగ గురించి తనకి తెలియనిది లేదని అతను అనుకున్నాడంటే తప్పుపట్టడానికి లేదు.

అతను ఉండేది అత్తగారింట్లో. భార్య కాన్పులో పోయింది. పొత్తిళ్ళలో బిడ్డని పెట్టుకుని, ఏం చెయ్యాలో పాలుపోక ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు అత్తగారు ఒక్క ప్రశ్న వెయ్యలేదు. బిడ్డని అందుకుని, లోపలికి వెళ్ళి పాలు కాచింది. పోయింది ఆవిడకి ఒక్కగానొక్క కూతురు. ఆ దుఃఖంలో ఎవరినైనా ఒక మాట అన్నా చెల్లేది. ఆవిడ పసిదాన్నీ అనలేదు, అతన్నీ అనలేదు. ఇప్పుడా పిల్ల బడికి వెళ్తోంది. అతను పని ముగించుకుని వచ్చేసరికి కడుపునిండా తిని, కథ చెప్పించుకుని, ఆవిడ పక్కలో నిద్రపోతూ ఉంటుంది.

ఈవిడకి నేనేం చెయ్యగలను అన్నదే అతని బెంగ. చీర తెస్తే, "ఉన్నవి కట్టుకోవడానికే రోజులు చాలట్లేదు" అని తిప్పి పంపేది. మనసులో మాట చెప్పబోతే, "అన్నం చల్లారిపోతోంది" అని అక్కడికక్కడే తుంచేసేది. పెట్టడమే తప్ప పుచ్చుకోవడం ఆవిడ ఒంటికి పడదు. అలాంటివాళ్ళతో వేగడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఆవిడకున్న ఒకే ఒక్క సరదా తేనెటీగలు. పెరట్లో గోడవారగా పెట్టెలు, వాటి ముందొక పాత స్టూలు. పొద్దున్నే అక్కడ కూర్చుని రాకపోకలు చూస్తూ, ఏ ఈగ కాళ్ళకి ఏ రంగు పుప్పొడి అంటిందో తనలో తనే చెప్పుకునేది. ఇన్నేళ్ళలో ఎన్ని కుట్లు తిందో లెక్కేలేదు. అలాంటిది, మొన్నామధ్య మెడ మీద ఒక్కటి కుట్టేసరికి పెదాలు వాచి, ఊపిరి ఆడక, పెరటి గడపలోనే కూలిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు ఖరాఖండిగా చెప్పేశాడు, ఇంకొక్కటి కుడితే మనిషి దక్కకపోవచ్చని.

ఇంటికి వచ్చాక ఆవిడ చేసిన మొదటి పని ఫోను అందుకోవడం. పక్క ఊళ్ళో తేనెటీగలు పెంచే ఒకాయనకి, ఆదివారం వచ్చి పెట్టెలన్నీ తీసుకెళ్ళమని చెప్పింది. ఫోను పెట్టేసి, వంటింటి కిటికీ జాలీ దగ్గర కుర్చీ లాక్కుని పెరట్లోకి చూస్తూ కూర్చుంది. మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ అక్కడే. అతనికి అన్నం సయించలేదు.

"అత్తయ్యా, పెట్టెలు నేను చూసుకుంటాను," అన్నాడు.

"నువ్వా? దోమల్ని చంపే చేత్తోనా?"

"పెట్టె తెరిచేముందు పొగ పెట్టడమేగా. అది నాకు రోజూ ఉన్న పనే."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. "సరే. ఆదివారంలోగా నా కళ్ళముందు పద్ధతిగా చేసి చూపించు. నా మనసుకి నచ్చితే పెట్టెలు ఉంటాయి. లేదంటే ఆయన పట్టుకుపోతాడు. మూగజీవాల్ని నీ ప్రయోగాలకి అప్పజెప్పలేను."

అతనికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్ళకి ఆవిడ తన దగ్గర పుచ్చుకోబోయేది ఒకటి దొరికింది. ఇది గనక చేతకాకపోతే ఇంకేదీ దొరకదు.

అత్తగారి పొగడబ్బా చూస్తే అతనికి నవ్వొచ్చింది. మూతకి కొమ్ములాంటి గొట్టం, వెనక అరచేయంత తోలుతిత్తి. దీన్నిండా మసిగుడ్డ కూరి, నిప్పంటించి, వల టోపీ తగిలించుకుని, పెద్ద పెట్టె వాకిట్లో గొట్టం పెట్టి తన ఉద్యోగధర్మం నిర్వర్తించాడు. అంటే, వీధికి కొట్టినంతా కొట్టాడు. నల్లటి వేడిపొగ. అడుగున నిప్పురవ్వలు. పెట్టె లోపల ముందు హోరు లేచింది. ఆ తరవాత ఈగలన్నీ ఒక్కుమ్మడిగా బయటికి దూకాయి. అవి కుట్టిన చోట్లు చెప్పుకోదగ్గవీ ఉన్నాయి, చెప్పుకోకూడనివీ ఉన్నాయి.

"ఏమైంది? నిద్రపోవాలిగా ఇవి?" అని నీళ్ళతొట్టి చాటునుంచి అరిచాడు.

"నిద్రపుచ్చడానికి అదేమన్నా జోలపాటా?" అంది అత్తగారు కిటికీలోంచి. "కొంప తగలబడుతోందని చెప్పావు వాటికి. నిజంగానే తగలబెట్టినంత పని చేశావు. ఇంకేం పడుకుంటాయి?"

ఆ సాయంత్రం అతను వాపులకి ఐసుముక్క అద్దుకుంటుంటే ఆవిడ వివరంగా చెప్పింది. పొగ తగలగానే ఈగలు ఎక్కడో మంట లేచిందనుకుంటాయట. ఇల్లు వదలాల్సి వస్తుందేమోనని గబగబా తేనె తాగేస్తాయట. కడుపు నిండిన ఈగ నడుం వంచి కుట్టడానికి బద్ధకిస్తుంది. పైగా, ఒకటి కుడితే ఆ చోట ఒక వాసన పుడుతుంది. అది మిగతావాటికి పిలుపు. పొగ ఆ పిలుపుని కప్పేస్తుంది. అంతే దాని పని.

"కబురు చెప్పినట్టుండాలి, కేక పెట్టినట్టు కాదు," అంది. "గోనెపట్టా ముక్కలు అంటించి, బాగా రాజుకున్నాక పైన గుప్పెడు పచ్చగడ్డి కప్పు. పొగ తెల్లగా, చల్లగా వస్తుంది. ముందు నీ అరచేతి మీద వదులుకో. నీ చెయ్యి కాలితే వాటి రెక్కలూ కాలతాయి. వాకిట్లో చిన్నగా వదిలి, ఆగు. ఆ ఆగడమే నీకు రావట్లేదు. వెంటనే మూత లాగేస్తే, తలుపు కొట్టి జవాబు రాకముందే లోపలికి దూరినట్టు."

"మరి ఎప్పుడు పెట్టకూడదు?"

ఆవిడ మొదటిసారి మెచ్చుకోలుగా చూసింది. "వాన పడుతున్నా, చలిగా ఉన్నా అసలు పెట్టే తెరవకూడదు. తేనె తీసేటప్పుడు ఎక్కువైతే తేనెకి పొగవాసన పడుతుంది. ఇక, పెట్టె వదిలిన గుంపు బయట ఏ కొమ్మకో గుత్తిగా వేలాడుతుంది చూడు, దానికి అస్సలు పెట్టకూడదు. అవి బయల్దేరేముందే కడుపునిండా తాగి వస్తాయి. కాపాడుకోవడానికి ఇల్లూ ఉండదు, పిల్లలూ ఉండరు. అంత మెత్తగా అవి ఇంకెప్పుడూ ఉండవు. అప్పుడు పొగ పెడితే పాపం, ఎటు పోవాలో తెలియక చెల్లాచెదురైపోతాయి."

రెండోసారి అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు. అరచేతి మీద చూసుకున్నాడు. వాకిట్లో వదిలి ఆగాడు. మూత కొంచెం ఎత్తి, సందులో ఇంకాస్త వదిలి, దించి, మళ్ళీ ఆగాడు. తెరిచి చూస్తే ఈగలు తలలు తేనె అరల్లో దూర్చి తమ పనిలో తామున్నాయి. హోరు లేదు, సన్నటి రొద మాత్రం ఉంది. అతనికి ఒళ్ళు పులకరించింది. పొగ వేసి ఏదీ చావకపోవడం అతని ఉద్యోగజీవితంలో అదే మొదలు.

తేనెపట్టు కట్టిన చట్రాలు ఒక్కొక్కటే ఎత్తి కిటికీ వైపు చూపించాడు. ఒకదాని అడుగున వేరుశెనక్కాయల్లాంటివి వేలాడుతున్నాయని చెప్పాడు. అంతలో మణికట్టు మీద ఒకటి కుట్టింది. అంతే, చట్రాన్ని అడ్డదిడ్డంగా పెట్టె మీద పడేసి తొట్టిచాటుకి పరుగు తీశాడు.

అతను తిరిగి వెళ్ళి అన్నీ సర్ది మూత పెట్టాక అత్తగారు అంది, "అవి కొత్త రాణుల గదులు. పెట్టె కిక్కిరిసింది. పాత రాణి సగం మందిని వెంటబెట్టుకుని రేపో మాపో బయల్దేరుతుంది. ఇక దాన్ని కదపకు. పొగ బాగానే పెట్టావు నాయనా. కానీ కుట్టగానే పరిగెత్తావు. పరిగెత్తేవాడి చేతిలో వాటిని ఎలా పెట్టను?"

చేతికందింది జారిపోయినట్టనిపించి, అతను ఆదివారందాకా ముభావంగా తిరిగాడు.

ఆదివారం పొద్దున్న పెట్టెలాయన వ్యాను వేసుకుని రానే వచ్చాడు. వీధిలో దిగగానే అక్కడి దృశ్యం చూసి నోరు వెళ్ళబెట్టాడు. ఎదురుగా ఇస్త్రీ షాపు. షాపు ముందు ఇస్త్రీ ఆయన సైకిలు. సైకిలు హ్యాండిలుకి పెద్ద గుమ్మడికాయంత తేనెటీగల గుత్తి. ఇస్త్రీ ఆయన షట్టరు సగం దించి లోపలినుంచి అందర్నీ సాయం పిలుస్తున్నాడు. ఎవరో అప్పటికే మున్సిపాలిటీకి ఫోను కొట్టారు. మున్సిపాలిటీ ఎన్నడూ లేనిది వెంటనే కదిలింది. పొగాయనతో రోజూ తిరిగే డ్రైవరు బండి దిగి, మిషను భుజానికెత్తుకుని, ఇంజను రాజేస్తున్నాడు.

పొగాయన లుంగీ మీదే బయటికి పరిగెత్తాడు.

"ఆపరా! ఆపు!"

"నువ్వు లీవులో ఉన్నావుగా గురూ, పడుకో. ఒక్క దెబ్బకి రాలిపోతాయి," అన్నాడు డ్రైవరు.

పొగాయన వెళ్ళి సైకిలుకీ గొట్టానికీ మధ్య నిలబడ్డాడు. "కొడితే నా మొహాన కొట్టు. అవి మా ఇంటివి."

మా ఇల్లు అన్న మాట అతని నోట రావడం అదే మొదటిసారి. అతనికే కొత్తగా వినిపించింది. డ్రైవరు గొణుక్కుంటూ ఇంజను ఆపేశాడు.

"నేను పట్టనా?" అన్నాడు పెట్టెలాయన మర్యాదగా. "మీకు ఇబ్బందైతే."

పొగాయన వెనక్కి తిరిగి ఇంటి వైపు చూశాడు. వీధి తలుపు పక్క కిటికీ అద్దం వెనక అత్తగారు పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఏ సైగా చెయ్యలేదు. "వద్దండీ, నేనే పడతాను," అన్నాడు.

లోపలికి వెళ్ళి వల టోపీ, ఖాళీ పెట్టె, దుప్పటి, చెంబుతో నీళ్ళు తెచ్చాడు. అలవాటుగా చెయ్యి పొగడబ్బా మీదికి పోయింది. దాన్ని అక్కడే ఉంచి వచ్చాడు. దుప్పటి పరిచి, సైకిలు కింద పెట్టె పెట్టాడు. గుత్తి మీద నీళ్ళు తుంపరగా చల్లాడు. రెండు చేతులతో హ్యాండిలు పట్టుకుని ఒక్క కుదుపు కుదిపితే సగానికి సగం బుడుక్కున పెట్టెలో పడ్డాయి. మిగిలినవి బ్రేకు తీగల మధ్య ఇరుక్కున్నాయి. వాటిని తొడుగుల్లేని చేతుల్తోనే తోడాడు. వెచ్చగా, బరువుగా, వేళ్ళ సందుల్లోంచి జారుతూ ఉన్నాయి. ఇంత నమ్మకంగా తన చేతిలో ఏ ప్రాణీ ఒదగలేదనుకున్నాడు. వెంటనే, ఒకటి ఒదిగింది కదా, దాన్ని తెచ్చి ఈ గుమ్మంలోనే ఇచ్చాను కదా, అనుకున్నాడు.

వేళ్ళ మధ్య నలిగిన ఈగ ఒకటి బొటనవేలి మొదట్లో కుట్టింది. వీధంతా హా అంది. కాళ్ళు పరుగుకి సిద్ధమయ్యాయి. దోసిట్లో మాత్రం ఇంకా గుప్పెడు ఈగలున్నాయి. అతను పళ్ళు బిగించి, దోసిలిని నెమ్మదిగా పెట్టెలోకి దించి, అవన్నీ దిగాక, అప్పుడు గోటితో ముల్లు గీకేసుకున్నాడు. మూత కాస్త ఓరగా పెట్టి పక్కన చతికిలబడ్డాడు.

కాసేపటికి పెట్టె వాకిట్లో కొన్ని ఈగలు తోకలెత్తి రెక్కలు విసరడం మొదలుపెట్టాయి. "రాణి లోపలే ఉందండీ," అన్నాడు పెట్టెలాయన సంతోషంగా. "మిగతావాటిని రమ్మంటున్నాయి." గాలిలో తిరుగుతున్నవి, సైకిలు సీటు మీదివి, ఇస్త్రీ షాపు బోర్డు మీదివి అన్నీ దుప్పటి మీద దిగి, వరసగా నడుచుకుంటూ పెట్టెలోకి వెళ్ళాయి. ఇస్త్రీ ఆయన షట్టరెత్తి తల బయటపెట్టాడు.

అన్నీ లోపలికి వెళ్ళాక మూత బిగించి, పెట్టెని పెరట్లోకి చేర్చారు. పెట్టెలాయన అత్తగారితో కిటికీలోంచే మాట్లాడాడు. "నేను వట్టిచేతుల్తోనే వెళ్తానమ్మా. వీటికి మనిషి ఉన్నాడు," అని నమస్కారం పెట్టి ఖాళీ వ్యానుతో వెళ్ళిపోయాడు.

పొగాయన ఒంటి మీద ఈగలేమైనా మిగిలాయేమోనని గుడ్డతో బాగా దులుపుకుని, డ్రైవరుతో వీపు కూడా చూపించుకుని లోపలికి వచ్చాడు. పిల్ల పరిగెత్తుకొచ్చి కాళ్ళని చుట్టేసుకుంది. అత్తగారు వీధి తలుపు పక్కనే నిలబడి ఉంది. ఇప్పుడు కూడా చెప్పకపోతే జన్మలో చెప్పలేననిపించింది అతనికి.

"అత్తయ్యా, అన్నం చల్లారితే చల్లారనివ్వండి. ఆ రోజు మీరు దీన్ని అందుకోకపోతే మేమిద్దరం ఏమైపోయేవాళ్ళమో నాకు తెలీదు. ఇన్నాళ్ళకి మీకోసం ఒక్క పని చెయ్యగలిగాను."

ఆవిడ ఈసారి మాట తుంచలేదు. అతని చెయ్యి లాక్కుని, కుట్టిన చోట బొటనవేలితో రాసింది.

"నువ్వు అక్కడున్నంతసేపూ కిటికీలోంచి చూస్తూ, ఈ తలుపు గడియ మీద ఒక చెయ్యి వేసే నిలబడ్డాను," అంది. "నిన్ను కుట్టినప్పుడు తీసేసేదాన్నే. కాళ్ళు ఆగలేదు. ఇది నా చీర పట్టుకుని, 'అమ్మమ్మా, నువ్వూ వెళ్ళిపోతావా?' అంది. చెయ్యి ఆడలేదురా నాకు. దాని అమ్మ పోయాక, ఎప్పుడు పోతే అప్పుడే అనుకుంటూ బతికాను. డాక్టరు చెప్పినప్పుడు కూడా పెట్టెలు పోతాయనే ఏడ్చాను గానీ నేను పోతానని కాదు. ఇవాళ మాత్రం భయమేసింది. మీరిద్దరూ కలిసి నాకు మళ్ళీ బతకాలనిపించేట్టు చేశారు నాయనా. అంతకన్నా ఇంకేం ఇస్తావు?"

అతను తల తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పొగ వల్ల అని చెప్పుకుందామంటే, ఆ పూట పొగ కూడా పెట్టలేదు.