రాజు పేరు రాసిన పోస్టు

సాయికిరణ్ ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్. మూడేళ్లుగా బ్లాగు రాస్తున్నాడు. మొదట్లో చెట్ల గురించి, ప్రయాణాల గురించి రాసేవాడు. చదివేవాళ్లు పదిహేను మందికి మించేవారు కాదు. తండ్రితో మాటలు లేకుండా గడిపిన ఏడాది గురించి రాసినప్పుడు మాత్రం ముక్కూ మొహం తెలియనివాళ్లు పేజీలకు పేజీలు జవాబులు పెట్టారు. ఎర్రుపాలెం నుంచి ఒకాయన, అది చదివాక తన కొడుక్కి ఫోన్ చేశానని రాశాడు. మనసులో ఉన్నది దాచకుండా రాస్తే ఎవరికో ఒకరికి పనికొస్తుందని సాయికిరణ్‌కు అప్పుడే నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకంతోనే ఈ కార్తీకంలో మైక్రోస్కోప్ సంగతి రాశాడు.

అతని చిన్నప్పుడు వాళ్ల నాన్నకు టేకులపల్లిలో ఎరువుల దుకాణం ఉండేది. ఎనిమిదో తరగతి అక్కడే చదివాడు. బడికి కొత్తగా వచ్చిన మైక్రోస్కోప్‌ను ఎవరూ లేనప్పుడు బీరువాలోంచి తీసి, చేయి జారి పడేశాడు. అద్దం పగిలింది. హెడ్మాస్టరు అడిగితే, ఆ పొద్దున గది ఊడ్చిన రాజు పేరు చెప్పాడు. రాజు అడవిలోని పల్లె నుంచి ఐదు కిలోమీటర్లు నడిచి వచ్చేవాడు. ఆ పల్లె నుంచి బడికి వచ్చేది వాడొక్కడే. లెక్కల్లో తరగతికి మొదటివాడు. ప్రార్థన దగ్గర చొక్కా విప్పించి, అందరి ముందూ చింతబరికెతో కొట్టారు. మర్నాటి నుంచి వాడు బడికి రాలేదు.

ఇదంతా ఊరి పేరుతో, రాజు పేరుతో, ఉన్నదున్నట్టు రాశాడు సాయికిరణ్. రాస్తూ ఏడ్చాడు కూడా. రెండు రోజుల్లో వేలమంది చదివారు. తప్పు ఒప్పుకోవడానికి ఎంత గుండె ఉండాలి అన్నారు. ఒక పత్రిక వాళ్లు ఆదివారం వేసుకుంటామని అడిగారు. అతనికి పాతికేళ్ల బరువు దిగినట్టయింది.

మూడో రోజు శారద ఫోన్ చేసింది. ఆమె వాళ్ల తరగతే. ఇప్పుడు రాజు వాళ్ల పల్లెలో అంగన్‌వాడీ టీచరు. ఆ దెబ్బల సంగతి ఇన్నేళ్లూ ఎవరి దగ్గరా ఎత్తని మనిషి. పోస్టు పల్లెలో అందరి ఫోన్లలోకీ వచ్చిందని, రాజు పత్తి చేనుకు కూడా పోవడం లేదని చెప్పింది. ఒకసారి వచ్చి కలవమంది, అంతే.

మర్నాడే బయలుదేరాడు. రాజు తనను చూసి ఏమంటాడో, తను ఏమనాలో దారిపొడవునా అనుకుంటూనే ఉన్నాడు. ఈ కలయిక గురించి రాయబోయే పోస్టుకు మొదటి వాక్యం కూడా తట్టింది.

రాజు ఇంటి వసారాలో సగం దాకా పత్తి పోసి ఉంది. రాజు మంచం వాల్చి, "కూసో సారూ" అన్నాడు. అతని భార్య జంపక్క చెంబుతో నీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. సాయికిరణ్ క్షమించమని మొదలుపెట్టాడు. పోస్టులో రాసిన మాటలే మళ్లీ నోటికి వస్తున్నాయని మధ్యలో తనకే తెలిసి ఆగిపోయాడు.

రాజు నేల మీద రాలిన పత్తి ఏరి కుప్పలో వేశాడు.

"నన్ను కొట్టిన్రని మా అయ్యకు గూడ చెప్పలే. ఈపు చూస్తడని పది రోజులు అంగి ఇప్పలే. మనసు లేక మానేసిన అని చెప్పిన. మా ఇంటామెకు గదే చెప్పిన, నా బిడ్డకు గదే చెప్పిన. ఇప్పుడు ఊరంత చదివిన్రు. నిన్న ట్రాక్టరాయన గూడ, పాపం రాజన్నా అన్నడు."

"తప్పు నాది రాజూ. అది అందరికీ తెలవాలని..."

"అందరికి చెప్పినవ్. నాకు చెప్పినవా? నీ తప్పు నువ్వు చెప్పుకో, నేనొద్దంటలేను. నా దెబ్బలు నావి. అవి చెప్పనీకి నువ్వెవరు?"

గొంతు పెంచకుండానే అన్నాడు. తర్వాత ఆ పోస్టు తీసేయమని అడిగాడు.

ఆ మాట వినగానే సాయికిరణ్‌కు ముందు గుర్తొచ్చింది ఆదివారం పత్రిక. పేరు ఒక్కటి మారిస్తే చాలదా అని అడగడానికి నోరు తెరిచాడు. రాజు అతని మొహంలోకే చూస్తున్నాడు. సాయికిరణ్ నోరు మూసుకున్నాడు. ఎనిమిదో తరగతిలో కూడా తనకు ఇంత సిగ్గు వెయ్యలేదు.

ఇంట్లో సిగ్నల్ లేదు. రాజు కూతురు జ్యోత్స్న, కొత్తగూడెంలో ఇంటర్ చదివే పిల్ల, సిగ్నల్ వచ్చే చోటు చూపిస్తానని రోడ్డుదాకా వెంట వచ్చింది. కల్వర్టు గట్టు మీద నిలబడి అతను పోస్టు తీసేశాడు. పత్రికకు ఫోన్ చేసి వద్దని చెప్పాడు. ఎందుకని వాళ్లు రెండుసార్లు అడిగినా చెప్పలేదు.

తిరిగి వస్తుంటే ఆ పిల్ల తనంతట తనే మాట్లాడింది.

"పోయినేడు నేను చదువు మానేస్తనంటే నాన్న తిట్టిండు సార్. నువ్వే చదవలే, నాకేం చెప్తవ్ అన్న. ఆ రోజు నాన్న అన్నం తినలే. మీరు రాసింది చదివినంక తెలిసింది నాకు." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "మీరు మంచి చేసిన్రని అంటలేను."

వసారాలో రాజు అలాగే కూర్చుని ఉన్నాడు. పోయిందా అని అడిగాడు. తన దగ్గర పోయిందని, జనం ఒకరికొకరు పంపుకున్నవి తీయడం తన చేతిలో లేదని సాయికిరణ్ నిజమే చెప్పాడు. ఆ తర్వాత, ముందుగా అనుకోని మాట ఒకటి నోటివెంట వచ్చింది.

"అది పగలగొట్టింది నేనే రాజూ. భయపడి నీ పేరు చెప్పిన."

"అవ్" అన్నాడు రాజు. గోనెసంచి భుజాన వేసుకుని చేనుకు బయలుదేరాడు. రోడ్డు వైపు నుంచి కాకుండా ఇంటి వెనక నుంచి వెళ్లాడు.

ఆ పోస్టు ఏమైందని చదివేవాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. కారణం చెబితే మళ్లీ రాజు సంగతే చెప్పినట్టవుతుంది. సాయికిరణ్ ఎవరికీ జవాబివ్వలేదు.