ఎర్రగుట్ట మీద మొదటి కొడవలి

ఎర్రగుట్ట మీద మొదటి పిడికెడు బోద గడ్డి కోసే హక్కు బుడేన్ సాబుది. ఆయన కొడవలి పెట్టనిదే ఊళ్లో ఎవరూ గడ్డి కొయ్యరు, గొర్రెలను తోలరు. పీర్ల చావిడి బాగోగులు చూసే ముజావరుగా అది ఆయనకు నాయన నుంచి వచ్చిన గౌరవం. పందొమ్మిది వందల యాభై ఎనిమిదో సంవత్సరంలో మాత్రం ఆ గౌరవమే ఆయనకు నిద్ర లేకుండా చేసింది.

సంగతేమంటే, తొమ్మిదేళ్ల కిందట కరువుకు గుట్ట బోడిగుండైపోయింది. ఇళ్లు కప్పుకోవడానికి బోద లేదు, దాని నీడన పెరిగే సుగంధి తీగ లేదు, జ్వరానికి నేలవేము లేదు. అప్పుడు బుడేన్ సాబు నాయన ఊరిని పోగేసి పీర్ల ముందు మాట తీసుకున్నాడు. ఏటా తొలి వాన పడింది మొదలు పీర్ల పండగ దాకా గుట్ట మీద కొడవలి పడకూడదు, గొర్రె ఎక్కకూడదు. మాట తీసుకున్న ఏడు పండగ కార్తీకంలో వచ్చింది. బోద గింజ పండి నేల మీద పడేదీ అప్పుడే, పడితేనే మరుసటి ఏడు గడ్డి మొలిచేది గనుక లెక్క బాగా కుదిరిందని అందరూ సంతోషపడ్డారు.

పీర్ల పండగ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుందని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. అయినా గింజ పడకముందే గుట్టను తెరుస్తున్నామని ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు. గుట్ట మూడేళ్లు పచ్చబడి, మళ్లీ పలచబడుతూ వచ్చింది. జనం వానను తిట్టారు, పక్క ఊరి మేకలను తిట్టారు. ఈ ఏడు పండగ శ్రావణానికే వచ్చేసింది.

ఆ మాట మొదట అన్నది గడ్డి కోసి బతికే హనుమక్క. పండగకు మూడు రోజుల ముందు లేత బోద పరక తెచ్చి ఆయన చేతిలో పెట్టి, కంకే వెయ్యనిదానికి గింజ యాడనుంచి వస్తాదని అడిగింది. గుట్టను తెరిస్తే ఇక మిగిలేది రాళ్లే. తెరవనంటే, చనిపోయిన నాయన పీర్ల సాక్షిగా పెట్టిన మాటను కొడుకే కాలదన్నినట్టు. మూడు రోజులూ ఆయనకు అన్నం సయించలేదు. భార్య దాదాబీ అడిగితే కడుపు బాగాలేదన్నాడు.

పండగ ముగిసింది. నిప్పుల గుండం చల్లారింది, పీర్లను ఏటికి తీసుకుపోయి కడిగి పెట్టెలో భద్రం చేశారు. మరునాడు పొద్దున్నే ఊరంతా గుట్ట కింద చేరింది. బయ్యన్న తన రెండు వందల గొర్రెలతో అందరికంటే ముందున్నాడు. బుడేన్ సాబు నాలుగడుగులు ఎక్కి, వంగి, లేత బోదను పిడికిట పట్టుకున్నాడు. కంకి లేని కొనలను చూశాడు. పరకలు వదిలేసి జనం వైపు తిరిగాడు.

“తప్పు మా నాయనది, ఆయన ఎనక నాది” అన్నాడు. “గింజ రాలేదాకా ఆగుదామని మనం మాటిచ్చినాము. గురుతుకని పండగను పెట్టుకున్నాము. పండగ ఏటా ముందుకు జరిగిపోతాండాది, గింజ దాని కాలానికే రాల్తాది. నేను ఈపొద్దు కొయ్యను.”

అందరి చూపూ బయ్యన్న మీదే. ఇంకో మూడు నెలలు మందను విడపనకల్లు వైపు బీళ్లలో తిప్పుకోవలసింది ఆయనే మరి.

“ఏమప్పా సాబూ, ముందే చెప్పింటే మందను ఈడిదాకా తోలుకొస్తానా” అని విసుక్కున్నాడు బయ్యన్న. గింజ రాలిందని ఎవరు చెప్పాలని అడిగాడు. బుడేన్ సాబు హనుమక్కను చూపించాడు. బయ్యన్న ఆమెను ఎగాదిగా చూసి, గొర్రెలను అదిలించి మళ్లించాడు. ఆ దుమ్మంతా మీద పడినా బుడేన్ సాబుకు హాయిగానే ఉంది. ఇంటికి పోయి సంగటి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

కార్తీకంలో ఒక పొద్దున హనుమక్క వచ్చి, ఎండిన కంకిని ఆయన అరచేతిలో పెట్టి నలిపింది. గింజలు జలజలా రాలాయి. కొడవలి తీసుకుని ఆమెతో కలిసి గుట్టకు పోయేసరికి బయ్యన్న అక్కడే ఉన్నాడు, గొర్రెలు లేకుండా. పంచె చెంగులో గింజలు పోసుకుని, బోసిగా ఉన్న చోటల్లా చల్లుకుంటూ పైకి పోతున్నాడు. బుడేన్ సాబును చూసి కాస్త సిగ్గుపడ్డాడు.

“వచ్చే ఏడు గూడా మేత కావల్ల గదా” అన్నాడు.

బుడేన్ సాబు కొడవలి రాతి మీద పెట్టి తానూ చెంగు పట్టాడు. నాయన మాట ఈనాటికి చెల్లిందనుకుంటే ఆయనకు కళ్లు చెమర్చాయి. ఒక్కొక్కరే ఊరి జనం వచ్చి కలిశారు. ఆ రోజు మొదటి పిడికెడు కోసేసరికి మధ్యాహ్నం దాటింది.